రావణుడి గతం విన్నాం, శంబూకుడి గతం ఎవరు చెబుతారు?

(మిరపకోతలు ముగింపుకొస్తున్న రోజుల్లో, పర్చూరు ప్రాంతంలోని ఒక పల్లెలో జరిగిన అంబేడ్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

పగలంతా కల్లాల్లో తాలుకాయ ఏరి ఏరి, కళ్లు మండుతున్నా, చేతులు మండుతున్నా ఈ రాత్రి వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఈ సభలో బాబాసాహెబ్ జీవితం చెప్పమన్నారు. చెబుతాం, అయితే టీవీ దగ్గర్నుంచి మొదలుపెట్టి అక్కడికొస్తాం. నవ్వకండి. మన పల్లెలో పుస్తకం లేని ఇల్లుంది, టీవీ లేని ఇల్లు లేదు. మన పిల్లలకు మంచోడెవడో చెడ్డోడెవడో మనకంటే ముందు ఆ పెట్టె చెబుతోంది. కాబట్టి దాని సంగతి మనం మాట్లాడుకోవాలి.

పోయిన వారం రాత్రి బడిలో ఒక చిన్నపిల్ల లేచి అడిగింది: "సార్, విలన్‌కి కూడా అమ్మ ఉంటదా?" ఏందమ్మా సంగతి అంటే, పిల్లలందరూ ఒక్కసారే అందుకున్నారు. వాళ్లు చూసే సీరియల్లో ఒక ముసుగు మనిషి ఉన్నాడంట. నెలల తరబడి ఇళ్లు కూలుస్తున్నాడు, కాపురాలు చెడగొడుతున్నాడు. ఎవడో తెలియదు, ఎందుకో తెలియదు. ఒక రాత్రి ఎపిసోడ్ మొత్తం వాడి గతమే వేశారు. వాడి తల్లి, వాళ్ల పేదరికం, నలుగురిలో పడ్డ అవమానం. ఆ ముందు రాత్రి దాకా "వీడు చావడేం" అని తిట్టిన మన అక్కలే ఆ రాత్రి కొంగుతో కళ్లు తుడుచుకుని "అయ్యో పాపం" అన్నారంట.

ఆ "అయ్యో పాపం" చిన్న మాట కాదు. అరగంట గతం చెబితే రాక్షసుడు మనిషైపోయాడు. అంటే కథ చెప్పేవాడి చేతిలో ఎంత బలం ఉందో చూడండి. ఎవడి గతం చెబితే వాడు మనిషి. ఎవడి గతం దాస్తే వాడు రాక్షసుడు. మరి ఎవరి గతం చెప్పాలో, ఎవరిది దాచాలో నిర్ణయించేది ఎవరు? ఈ రాత్రి మన చర్చ ఇదే.

మా చిన్నతనానికి పోదాం. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. 1988 జులై 31 దాకా ఆదివారం ఆదివారం పొద్దున వచ్చేది. అప్పుడు పల్లెలో ఎవరికీ టీవీ లేదు. ఊళ్లో ఒక పెద్దింట్లో ఉండేది. ఊరి పిల్లలు లోపల చాప మీద కూర్చునేవాళ్లు. పల్లె పిల్లలం మేం కిటికీ బయట, గొడ్ల చావిడి పక్కన నిలబడి చూసేవాళ్లం. అది హిందీ. లోపల కూర్చున్నోళ్లకీ అర్థం కాదు, బయట నిలబడ్డోళ్లకీ అర్థం కాదు. ఆ ఒక్క విషయంలో సమానత్వం ఉండేది.

సీరియల్ అయిపోగానే ఆట మొదలు. వెదురు బద్దలు విల్లులయ్యేవి. రాముడూ లక్ష్మణుడూ ఊరి పిల్లలు. రాక్షసులం మేం. ఎవరూ పేరు పెట్టి పంచిపెట్టలేదు, అదంతట అదే అయిపోయేది. వరుసగా బాణాలు తగిలించుకుని చేలగట్టు మీద పడిపోవడం మా పని. ఒకరోజు మాలో ఒకడు పడిపోకుండా నిలబడి, "మేమేం తప్పు చేశామని చంపుతున్నారు?" అని అడిగాడు. జవాబు లేదు. అవతల రాముడికీ తెలియదు పాపం, వాడూ పిల్లోడే. మర్నాటి నుంచి ఆ అడిగినవాణ్ణి ఆటలోకి రానివ్వలేదు. ప్రశ్న అడిగిన రాక్షసుడికి ఆటలో కూడా చోటు లేదు.

ఆ 1987–88లోనే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తినేసింది. అప్పు తీర్చే దారి లేక, చేలో కొట్టాల్సిన మందు తామే తాగి రైతులు చచ్చిపోయారు. చేను పోతే కూలీ పోయింది, పల్లెల్లో పొయ్యి వెలగలేదు. ఆ ఏడు పెద్దలందరూ తెల్లదోమను రాక్షసి అన్నారు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాం.

రామాయణం సీరియల్ పట్టాభిషేకంతో ఆపేయాలనుకున్నారు. ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలుసా? 1988లో పంజాబ్‌లోని జలంధర్‌లో వీధులూడ్చే కార్మికులు చీపుళ్లు కిందపెట్టారు. వాళ్లు వాల్మీకి కులస్తులు. వాల్మీకిని తమ మూలగురువుగా కొలుస్తారు. ఆ వాల్మీకి ఆశ్రమంలో లవకుశులు పెరిగిన కథ ఉత్తరకాండలో ఉంది. మా గురువు కథ చూపించకుండా ఎట్లా ముగిస్తారని సమ్మె చేశారు. సమ్మె ఇతర పట్టణాలకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. చివరికి ప్రభుత్వం దిగొచ్చింది, ఉత్తరకాండ సీరియల్‌గా వచ్చింది. చీపురు పట్టిన చెయ్యి, కథ ఎక్కడ ముగియాలో ఢిల్లీకి చెప్పింది. ఇది మనం పిల్లలకు చెప్పుకోవలసిన చరిత్ర.

వాళ్లు కొట్లాడి సాధించిన ఆ ఉత్తరకాండలో ఏముంది? మేం పెద్దయ్యాక, పంతులు ఉద్యోగం వచ్చాక, వాల్మీకి రామాయణానికి తెలుగు వచనం తెచ్చుకుని చదివాం. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి తరం మాది. చదివేటప్పుడు మాకు చెయ్యి వణికింది. ఎందుకంటే ఆ ఒక్క కాండలోనే రెండు తపస్సులున్నాయి.

మొదటిది రావణుడిది. పట్టాభిషేకం అయ్యాక అగస్త్యుడు అయోధ్యకు వచ్చి, రాముడి కొలువులో కూర్చుని రావణుడి గతం చెబుతాడు. అడిగింది స్వయానా రావణుణ్ణి చంపిన రాముడే. ముప్పైకి పైగా సర్గల్లో సాగుతుంది ఆ కథ. రావణుడి ముత్తాతలెవరో, తాత పులస్త్యుడెవరో, తండ్రి విశ్రవసుడెవరో, తల్లి కైకసి ఎవరో, అన్నీ ఉన్నాయి. లంక మొదట రావణుడి తల్లి తరపు రాక్షసులది. విష్ణువు తరిమితే వాళ్లు పాతాళానికి పారిపోయారు. ఖాళీ పడ్డ లంకలో సవతి అన్న కుబేరుడు కాపురం పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే అది తాతల ఆస్తి మీద మనవడి తగాదా. పుష్పక విమానంలో వచ్చిన కుబేరుణ్ణి చూపించి, నువ్వూ వాడంతవాడివి కావాలిరా అని తల్లి కొడుకుతో అంటుంది. కొడుక్కి రోషం వచ్చింది. తపస్సుకు కూర్చున్నాడు. పదివేల ఏళ్లు చేశాడు. వెయ్యేళ్లకొక తల నరికి హోమంలో వేశాడు. తొమ్మిది తలలు పోయాయి. పదో తల నరకబోతుంటే బ్రహ్మ వచ్చి ఆపాడు. వరమిచ్చాడు. పోయిన తలలు కూడా తిరిగిచ్చాడు.

అగస్త్యుడు రావణుడి దుర్మార్గం కూడా దాచలేదు. వేదవతిని చెరబట్టబోయిన సంగతి, రంభను బలాత్కరించిన సంగతి అందులోనే ఉన్నాయి. మన ఆడబిడ్డల ముందు నిలబడి మేం రావణుణ్ణి కడిగి ముత్యం చెయ్యం. గతం చెప్పడమంటే తప్పు మాఫీ చెయ్యడం కాదు. తప్పు చేసినవాడు కూడా ఒక తల్లికి పుట్టినవాడని, ఒక దారిలో నడిచి అక్కడికి చేరాడని చెప్పడం.

రెండో తపస్సు శంబూకుడిది. అదే కాండ, అదే రాజ్యం. ఒక బ్రాహ్మణుడి కొడుకు చనిపోతాడు. ఆ తండ్రి శవాన్ని తెచ్చి రాజద్వారం ముందు పెట్టి, రాజు తప్పు వల్లే నా బిడ్డ పోయాడంటాడు. ఎక్కడో ఒక శూద్రుడు తపస్సు చేస్తున్నాడు, కారణం అదేనని నారదుడు చెబుతాడు. రాముడు పుష్పక విమానం ఎక్కి దిక్కులన్నీ వెతుకుతాడు. దక్షిణాన ఒక కొండ పక్కన చెరువు గట్టున ఒకడు తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేస్తుంటాడు. దేనికోసం చేస్తున్నావు, ఏ వర్ణంలో పుట్టావు అని అడుగుతాడు. శరీరంతోనే స్వర్గానికి పోవాలని చేస్తున్నాను, శూద్రుణ్ణి, నా పేరు శంబూకుడు అని నిజం చెబుతాడు. ఆ మాట నోట్లో ఉండగానే కత్తి దిగుతుంది. దేవతలు పూలు కురిపిస్తారు. చచ్చిన పిల్లవాడు లేచి కూర్చుంటాడు.

అమ్మలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పులస్త్య బ్రహ్మ మనవడు తన తలలు తానే నరుక్కుంటే బ్రహ్మ వచ్చి తిరిగి అతికించాడు. శూద్రుడు ఎవరి జోలికీ పోకుండా తపస్సు చేసుకుంటుంటే ఉన్న ఒక్క తలా పోయింది. సీతను ఎత్తుకుపోయినవాడికి ముప్పై సర్గల గతం దొరికింది. నిజం చెప్పినవాడికి రెండు ముక్కల జవాబు పూర్తిగా చెప్పుకునే వ్యవధి దొరకలేదు. శంబూకుడి తల్లి పేరేంటి? తండ్రి ఏ పని చేసేవాడు? ఎవరు ఏమన్నారని స్వర్గానికి పోవాలనిపించింది? ఏ అగస్త్యుడూ చెప్పలేదు. ఏ రాజూ అడగలేదు. రావణుణ్ణి గతం అడిగారు, శంబూకుణ్ణి కులం అడిగారు. కులం తెలిశాక గతంతో పనిలేదనుకున్నారు. ఆ శంబూకుడు శూద్రుడు. మనకు ఆ నాలుగు మెట్లలో కింది మెట్టు కూడా ఇవ్వలేదు. మన గతం ఎవరడుగుతారు?

ఇంకో సంగతి. మన తెలుగువాళ్లందరూ 1963లో వచ్చిన లవకుశ సినిమా చూశారు. సీత అడవిపాలు కావడానికి కారణం ఎవరని అడిగితే పసిపిల్లాడు కూడా చాకలాడు అంటాడు. రేలంగి, గిరిజ వేసిన ఆ చాకలి మొగుడూ పెళ్లాల తగువు అంతగా గుర్తుండిపోయింది. మరి వాల్మీకి ఉత్తరకాండ తీసి చూడండి. అక్కడ చాకలి లేడు. వీధుల్లో, అంగళ్లలో జనం అనుకుంటున్నారని భద్రుడనే వాడు వచ్చి చెబుతాడు. మాట అన్నది ఊరంతా. తర్వాతి కథల్లో నింద మోసింది చాకలి. ఊరందరి మురికీ ఉతికేవాడి నెత్తినే ఈ మురికి మూట కూడా పెట్టారు. విలన్ కావాల్సి వస్తే కింది కులంవాణ్ణి చూపించడం ఎంత సులువో చూడండి.

శంబూకుడి పక్షాన మాట్లాడినవాళ్లే లేరా? ఉన్నారు. తెనాలి మున్సిపాలిటీకి చైర్మన్‌గా చేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే శంబుకవధ నాటకం రాశాడు. పురాణాన్ని తిరగేసి చదవడం నేర్పాడు. ఆ మేలు మరచిపోం. అయితే బ్రాహ్మణేతరులు బ్రాహ్మణుణ్ణి అడిగిన ప్రశ్న, ఊరి బజారు దాటి మన పల్లె దాకా రాలేదు. పైవాడి ముందు శంబూకుడి కథ చెప్పినవాళ్ల ఊళ్లలోనే కిందివాడి కోసం కత్తులు నూరారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఎందుకు? మనం తాగే చెరువు నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు. కొట్టబోతే సువార్తమ్మ నీళ్లబిందె ఎత్తినందుకు.

బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1936లో రాసిన కుల నిర్మూలనలో ఆయన శంబూకుడి సంగతి ఎత్తారు. మనమైతే కోపంతో రాముణ్ణి తిట్టి ఊరుకునేవాళ్లం. ఆయన అట్లా వదిలిపెట్టలేదు. ఇది ఒక రాజు చేసిన తప్పుగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుందన్నారు. ఎవరి వర్ణంలో వాళ్లుండాలనే చట్టం దానంతటది నిలబడదు, దాన్ని నిలబెట్టాలంటే శిక్ష కావాలి, చాతుర్వర్ణ్యం మీద నడిచే రాజ్యంలో ఏ రాజున్నా ఆ కత్తి పట్టాల్సిందే అన్నది ఆయన వివరణ. అంటే విలన్ మొహం వెతుక్కుంటూ కూర్చోవద్దు, విలన్‌ను తయారుచేసే చట్టం ఎక్కడుందో చూడమన్నారు.

ఇందాక తెల్లదోమను గుర్తు పెట్టుకోమన్నాం. దానికీ ఒక గతం ఉంది. అది ఆకాశం నుంచి ఊడిపడ్డ రాక్షసి కాదు. కాయపురుగు చస్తుందని కొత్త మందులు తెచ్చారు. సింథటిక్ పైరిత్రాయిడ్లంటారు వాటిని. మీద మీద కొట్టించారు. దోమను తినే మిత్రపురుగులు చచ్చిపోయాయి. దోమేమో మందుకు అలవాటు పడి కోట్లుగా పెరిగింది. మందు అమ్మినవాడే అప్పిచ్చాడు, పంట కూడా వాడే కొన్నాడు. గతం తెలియకపోతే దోమను తిట్టి మళ్లీ అదే మందు కొంటాం. గతం తెలిస్తే కొట్టు ముందు నిలబడి ప్రశ్న అడుగుతాం. బాబాసాహెబ్ శంబూకుడి కథను చదివిన తీరు ఇదే.

ఇప్పుడు చుండూరు పోదాం. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1991 జులైలో సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రవాడి కాలు, ముందు సీట్లో కూర్చున్న అగ్రకులపు కుర్రవాడికి తగిలింది. హాల్లో తెర మీద ఏ విలన్ ఉన్నాడో మనకెందుకు, ఆ రోజు కుర్చీల్లో ఒక విలన్ తయారయ్యాడు. ఆ తర్వాత ఊళ్లో కథ చెప్పారు. పల్లె కుర్రాళ్లు పొగరెక్కారన్నారు, ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారన్నారు. పనులు ఆపేసి సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న పట్టపగలు, పోలీసులు ఊళ్లో ఉండగానే వేటాడారు. ఎనిమిది మందిని చంపి, శవాలను గోతాల్లో కట్టి కాలవలో వేశారు. ముందు కథతో చంపారు, తర్వాత కత్తితో చంపారు. కథతో చంపినప్పుడే మనం లేచి ఉంటే!

మనవాళ్లు ఆ ఎనిమిది మందినీ ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని కొట్లాడి సాధించారు. గతం చెప్పడానికి సాక్షులు బోనెక్కారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందరినీ వదిలేసింది. పదహారేళ్లు కాచుకుని మన అమ్మలు చెప్పిన గతం చాలలేదంట.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, అదే రామాయణాన్ని మళ్లీ వేశారు. మన పల్లెల్లో ఇంటింటా చూశారు. ఈసారి కిటికీ బయట ఎవరూ నిలబడలేదు, నిజమే. తెర మీద రాముడు పుష్పక విమానంలో ఇల్లు చేరాడు. ఆ రోజుల్లోనే కర్నూలు జిల్లా నుంచి మిరపకోతకు వచ్చిన కూలీలు, బస్సు లేక రైలు లేక, మన చేలల్లో పరదాల కింద చిక్కుకుపోయారు. వాళ్ల గతం ఏ ఎపిసోడ్‌లో వచ్చింది?

ఇక చివరి మాట. ఇది మన ఇంటి సంగతి.

మన పల్లె కుర్రవాడొకడి మీద ఈ మధ్య స్టేషన్‌లో రౌడీషీటు తెరిచారు. పేరు చెప్పం, మీకందరికీ తెలుసు. ఆ కాగితాల్ని హిస్టరీషీటు అని కూడా అంటారు. హిస్టరీ అంటే చరిత్ర. ఆ షీటులో వాడి పేరుంది, తండ్రి పేరుంది, కులముంది, ఒంటి మీద పుట్టుమచ్చలున్నాయి. చరిత్ర ఒక్కటి లేదు.

వాడి చరిత్ర మేం చెబుతాం. వాడు మా దగ్గర ఏడో తరగతి చదివాడు. లెక్కల్లో ముందుండేవాడు. తండ్రి పోయిన ఏడు తల్లితోపాటు మిరపకోతకు పోయాడు. రెండు నెలలు బడికి రాలేదు. హాజరుపట్టీలో వాడి పేరు మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టిన చెయ్యి మాదే. ఇంటికి పోయి ఒక్కమాట అడగలేదు. రాని పిల్లవాడి పేరు కొట్టెయ్యమంది నిబంధన, కొట్టేశాం. కులం మెట్ల మీద నిలబడి మేమే కత్తి పట్టామని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. మొన్న కూలి లెక్కల్లో తేడా వచ్చింది. బడిలో నేర్చిన లెక్కే వాడు మేస్త్రీ ముందు కట్టి చూపించాడు. మాటా మాటా పెరిగింది, మేస్త్రీని తోశాడు. తోయలేదని మేం అనం. తోశాడు. అది తప్పు. ఆ తప్పుకు కేసుంది, కోర్టుంది. కానీ ఆ ఒక్క తోపుతో వాడి ముప్పై ఏళ్ల బతుకంతా రౌడీ అయిపోయిందా?

స్టేషన్ వాళ్లు అన్నారంటే అన్నారు. మన నోట ఎందుకు వస్తోంది ఆ మాట? "వాడితో తిరగొద్దురా, రౌడీషీటరు" అని మన తల్లులే పిల్లలతో అంటున్నారు. వాడి చెల్లికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. సీరియల్లో ఎవడో ముసుగోడి కోసం ఏడ్చిన కళ్లకు, పక్కింటి బిడ్డ గతం కనపడలేదా?

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, రేపు పొద్దున పదిమందిమి పెద్దలం, ఆడవాళ్లు కూడా, వాడితోపాటు స్టేషన్‌కు పోదాం. వాడి చదువు, వాడి కూలి లెక్క, ఆ రోజు జరిగిందంతా అర్జీగా రాసి ఇచ్చి, రసీదు తీసుకుందాం. మొదటి సంతకం మాది, గీత కొట్టిన చేతిది. రెండు, పల్లెలో ఒక నోటు పుస్తకం పెడదాం. కారంచేడు నాటి సంగతులు, చుండూరు నాటి సంగతులు, తెల్లదోమ ఏడాది సంగతులు తెలిసిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. చదువుకున్న పిల్లలు వారానికొక ఇంటికి పోయి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. తేదీ వెయ్యండి. మూడు, బడి మానేసిన ప్రతి పిల్లవాడి ఇంటికి పంతుళ్లం మేం వస్తాం. రాకపోతే మీరు వచ్చి మమ్మల్ని నిలదీయండి.

ఆ చిన్నపిల్ల అడిగిన ప్రశ్నకు ఆ రోజు మేం జవాబు చెప్పలేదు. ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చుని ఉంది, చెబుతాం. ఉంటది తల్లీ. విలన్‌కీ అమ్మ ఉంటది. శంబూకుడికీ ఉండే ఉంటది. ఆ చెరువు గట్టున తల లేని కొడుకును చూసి ఆ తల్లి ఏమందో ఎవరూ రాయలేదు. నువ్వు చదువుకుని రాయాలి.

జై భీమ్.